చేపల డ్రయ్యర్ ఎవరిది?

శ్రీకాకుళం, మంగళవారం రాత్రి

నేను కట్టిన సోలార్ డ్రయ్యర్‌లో చేపలు ఇసుక అంటకుండా ఎండుతున్నాయని నా ప్రాజెక్టుకి డబ్బిస్తున్న కంపెనీ మేనేజరు ఈరోజు పొద్దున యూనివర్సిటీకి వచ్చి తెగ మెచ్చుకున్నాడు. ఆ వెంటనే, దాన్ని ఎలా కట్టాలో బయటివాళ్లెవరికీ నేర్పకూడదన్నాడు.

"ఒప్పందంలో ఆ మాట లేదు సార్. కళింగపట్నం ఆడవాళ్లు తమ చేపలిస్తేనే ట్రయల్స్ చేశాను. నేర్పుతానని వాళ్లకి మాటిచ్చాను."

"అయితే ప్రాజెక్టు ఆపేస్తాం."

"ఆపేయండి."

పక్కనే ఉన్న మా గైడ్ గారు తలదించుకున్నారు. ఆయన్ని ఇరుకున పెట్టానేమో. నా పీహెచ్‌డీ ఏమవుతుందో...

మధ్యాహ్నమే బస్సెక్కి కళింగపట్నం వెళ్లాను. సంగతి విని, ట్రయల్స్‌కి మొదట చేపలిచ్చిన ఎర్రమ్మత్త కంగారుపడింది.

"మా కోసం నీ సదువు పాడుసేసుకోకమ్మా. కంపెనీవోల్లు ఊరుకుంతారేటి?"

"ఊరుకోపోతే ఏటి సేస్తారత్తా? నా బుర్రలోది లాక్కుపోతారేటి? ముందు వెదుళ్లు తే."

చీకటి పడేలోగా అత్త ఇంటి ముందు కొత్త డ్రయ్యర్‌కి ఫ్రేము నిలబెట్టాం. పైన ప్లాస్టిక్ షీటు అత్తే బిగించింది. పక్కింటివాళ్లు వచ్చి తమకెప్పుడు నేర్పుతావని అడిగారు.

రేపు గైడ్ గారు పిలిచి తిడతారు. తిట్టనీ. అన్నీ విని, ఆ పక్కింటివాళ్లకీ నేర్పి రావడానికి ఆయన్నే సెలవు అడుగుతాను.