వైన్ ఎక్కిన వీధి

పెనుకొండ,
మంగళవారం

హిందూపురం కంప్యూటర్ రిపేరు సుధాకర్ గారికి, పెనుకొండ నుంచి షహీన్ సలాం చేసి రాయడం ఏమనగా,

నేను క్షేమం. మీరు బాగుచేసి పంపిన కంప్యూటర్ కూడా క్షేమమే, ఇదివరకటి కంటే చురుగ్గా ఉంది. కానీ అందులో నా ఆట లేదు.

నేను ధర్మవరం మగ్గాల వీధిలో పట్టుచీరలకు కుచ్చులు కట్టి బతికినదాన్ని. జ్వరం వచ్చి చెవులు పోయాయి. ఆ తర్వాత ఈ ఊరు వచ్చాను, ఒక్కదాన్నే ఉంటాను. ఇక్కడ ఇంటర్నెట్ సెంటర్ మూసేస్తూ ఆ కంప్యూటర్‌నూ, ఒక ఆట సీడీనీ నాకు చవగ్గా ఇచ్చారు. ఇళ్లు కట్టి, మనుషులను చేసుకుని, వాళ్ల చేత వండించి, తినిపించి, నిద్రపుచ్చే ఆట అది. ఆ మనుషులకు ఏ భాషా లేదు. మాట్లాడేది బొమ్మగా తల మీద కనిపిస్తుంది. అన్నం గురించైతే గిన్నె, వాన గురించైతే గొడుగు. చెవులు పోయాక నలుగురి మాటలు నాకు అర్థమయ్యేది అక్కడే.

మీరు విండోస్ తీసేసి లైనక్స్ వేశారట. ఏం వేసినా సరే, ఆ ఆటలో నేను కట్టుకున్న వీధి నాకు కావాలి.

ఇట్లు,
షహీన్

తా.క. ఫోన్ చేయకండి, మోగినా నాకు తెలియదు. ఉత్తరం బస్సు కండక్టర్ వెంకటేశులు చేతికిస్తున్నాను. అతను విప్పి చదువుతాడు, కానీ మంచివాడు.

&nbsp;

హిందూపురం,
బుధవారం

షహీనమ్మ గారికి సుధాకర్ నమస్కరించి రాసుకునేది,

నా పేరు మీద కరెంటు బిల్లు తప్ప వేరే కాగితం వచ్చి ఎన్నేళ్లయిందో. అందరికీ ఫోన్లు వచ్చాక షాపు మెట్టు ఎక్కేవాళ్లే కరువయ్యారు. కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

మీ కంప్యూటర్ ముసలిది. కొత్త విండోస్ బరువు మోయలేదు, అందుకే దాని బదులు తేలికైన లైనక్స్ వేశాను. మీ వీధి ఎక్కడికీ పోలేదు, ‘పాతవి’ అనే ఫోల్డర్‌లో దాచాను. అయితే ఆ ఆట ఊరికే లేవదు. ముందు వైన్ ఎక్కించాలి. వైన్ పడితేనే పాత ఆటలు లేచి నడుస్తాయి. ఎక్కించాక ఒక కొత్త బాటిల్ తెరవండి. ఒక్కో ఆటకు ఒక్కో బాటిల్ వాడడం మంచిది, కలిపితే గొడవ. మొదట్లో కొంచెం తూలినట్టు ఉంటుంది. భయపడకండి, అదే అలవాటవుతుంది.

నేను కంప్యూటర్లు బాగుచేస్తానే గానీ ఒక్క ఆట కూడా ఆడి ఎరగను. తేడా వస్తే రాయండి.

మీ విధేయుడు,
సుధాకర్

తా.క. ఇదంతా ఉచితం. ఎందరో మంచి మనుషులు కూర్చుని తయారుచేసి, ఊరూరా పంచుతున్నారు.

&nbsp;

పెనుకొండ,
గురువారం

సుధాకర్‌కు షహీన్ రాసేది,

సలాం తర్వాత చెబుతాను. మా నాయన ఫకీర్ సాబ్ దగ్గు మందును కూడా వాసన చూసి తాగిన మనిషి. ఆయన కూతుర్ని పట్టుకుని బాటిల్ తెరవమంటావా? అదీ ఒక్కో ఆటకు ఒక్కోటా? కంప్యూటర్‌లో పోయాలో, నేను తాగాలో అదైనా రాయలేదు. తూలుతుంది, భయపడొద్దు అంటావు. తూలేది ఎవరయ్యా? నీ ఉత్తరం చేతికిస్తూ వెంకటేశులు ఎందుకంత నవ్వాడో చదివాక తెలిసింది.

నాకు ఆ వీధి తప్ప వేరే కాలక్షేపం లేదు సుధాకర్. ఇక్కడివాళ్లు చెడ్డవాళ్లు కారు. నన్ను చూస్తే నవ్వుతారు, చెయ్యి ఊపుతారు, వెళ్లిపోతారు. కూర్చుని మాట్లాడేవాళ్లు లేరు. చెవిటిదానితో ఏం మాట్లాడతారు, వాళ్లకు గొంతు నొప్పి తప్ప. వైన్ లేని దారి ఏదైనా ఉంటే చెప్పు. లేకపోతే లేదని చెప్పు, ఏడ్చి ఊరుకుంటాను.

షహీన్

తా.క. వెంకటేశులు టికెట్ కాగితం వెనక రాసిచ్చాడు: “మా టీవీ గూడా సరిగా నడస్తా లేదు. దానికి ఏ బ్రాండు పోయల్లో అడుగక్కా.”

&nbsp;

హిందూపురం,
శనివారం

అమ్మా, చెంపలు వాయించుకుంటూ సుధాకర్ రాసేది,

వైన్ అంటే మందు కాదు. చుక్క కూడా ఉండదు. అదొక దుబాసీ. మా హిందూపురం సంతలో కన్నడం మాత్రమే వచ్చిన రైతుకూ, తెలుగు మాత్రమే వచ్చిన వ్యాపారికీ మధ్య ఒకడు నిలబడి, వీడి మాట వాడికీ వాడి మాట వీడికీ చెబుతాడు. అలాంటిదే ఇది. ఆట విండోస్ భాషలో అడిగితే, వైన్ దాన్ని లైనక్స్‌కు అర్థమయ్యేలా చెప్పి పని చేయిస్తుంది. బాటిల్ అంటే ఆ ఆట కాపురం ఉండే గది. ఆ పేర్లు పెట్టినవాళ్లు ఎవరో గానీ, మీ నాయన గారిని ఎరగరు.

సీడీ పెట్టండి. సెటప్ అన్న బొమ్మ మీద మౌసు కుడి మీట నొక్కి ‘వైన్‌తో తెరువు’ అన్నది ఎంచుకోండి. ఆట ఎక్కాక, ‘పాతవి’లో ఉన్న వీధిని తెచ్చి మై డాక్యుమెంట్స్‌లో పెట్టండి. అంతే.

మీ అపరాధి,
సుధాకర్

తా.క. నా షాపులో కూడా వేసి చూశాను. అన్నీ బాగున్నాయి, శబ్దం ఒక్కటే రావడం లేదు. అన్నం కూడా సరిగా తినకుండా దాని వెంటే పడ్డాను, కుదరలేదు. శబ్దం లేకుండా మీరు ఎలా సర్దుకుంటారో ఏమో, క్షమించండి.

&nbsp;

పెనుకొండ,
సోమవారం

చిరంజీవి సుధాకర్‌ను షహీన్ మనసారా దీవించి రాసేది,

వైన్ ఎక్కింది! శబ్దం కోసం అన్నం మానేశావా నాయనా? చెవిటిదాని ముందు శంఖం ఊదడానికి ఇంత తిప్పలా?

నిన్న సాయంత్రానికి చిన్నస్వామి, ఈశ్వరి, మునెమ్మవ్వ అందరూ వచ్చేశారు. పొద్దున నేను వాకిట్లో నిలబడితే చిన్నస్వామి చెయ్యెత్తి పలకరించాడు. కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. ధర్మవరంలో ఆ మనిషి నన్ను పలకరించడం మానేసి పన్నెండేళ్లు. రోజూ వాళ్ల కిటికీ దగ్గర నిలబడి “బాగుండావా అన్నా?” అనేదాన్ని. మగ్గం మీద నుంచే వెనక్కి తిరిగి చెయ్యెత్తేవాడు. ఆ చెయ్యి చూస్తే నాకు ఆ రోజు గడిచిపోయేది. ఒకరోజు తిరగలేదు. ఆ తర్వాత ఇక తిరగనేలేదు. చెవిటిదానితో ఎందుకులే అనుకున్నాడు. వీధి వీధంతా అలాగే అనుకుంటోందనిపించి, ఎవరికీ చెప్పకుండా ఇల్లు ఖాళీ చేసి వచ్చేశాను.

ఇప్పుడు చిన్న చిన్న ఇబ్బందులు ఉన్నాయి. మునెమ్మవ్వ నడుము దాకా నేలలో దిగబడిపోయింది. బాధేమీ లేదు, అలాగే కూరలు తరుగుతోంది. చిన్నస్వామి మధ్యాహ్నం నుంచి గోడకు ముఖం ఆనించి, ఉన్నచోటే నడుస్తున్నాడు. ఏం చేయమంటావు?

నీ మేలు మరవని
షహీన్

తా.క. మరుగుదొడ్డికి తలుపు పెట్టడం మరిచిపోయి నాలుగు వైపులా గోడ కట్టేశాను. ఈశ్వరి లోపలే ఉంది. రేపు చూస్తాను.

&nbsp;

హిందూపురం,
మంగళవారం

షహీనమ్మకు సుధాకర్ కంగారుగా రాసేది,

మీ పాత ఇరుగుపొరుగు ఇన్నేళ్లకు మీ ఇంటికి వచ్చినందుకు చాలా సంతోషం. కానీ అమ్మా, ముందు ఆ ముసలమ్మను బయటికి లాగండి! దిగబడింది దేంట్లో? ఆవిడ చేత కూరలు తరిగించడం ఏమిటి? చిన్నస్వామి గారికి వచ్చింది నరాల జబ్బులా ఉంది. పరిగిలో మా పెద్దమ్మ కూడా ఇలాగే గోడను పట్టుకుని వదిలేది కాదు. ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. ఇక ఈశ్వరమ్మ గారు. మీకు ఆ వీధి మీద కోపం ఉండవచ్చు, కాదనను. అయినా ఇంటికి వచ్చిన ఆడమనిషిని మరుగుదొడ్డిలో పెట్టి గోడ కట్టడం ధర్మం కాదు.

ఆట గురించి మీరేమీ రాయలేదు. బాగానే నడుస్తోందనుకుంటాను.

మీ
సుధాకర్

తా.క. ఎప్పుడైనా కదలకుండా బిగుసుకుపోతే మొహమాటపడకండి. చంపేసి మళ్లీ మొదలుపెట్టండి. నాలుగుసార్లు చంపితే అదే దారికొస్తుంది.

&nbsp;

పెనుకొండ,
గురువారం

సుధాకరా,

చిన్నస్వామి పోయాడు.

ఈశ్వరిని గోడ పగలగొట్టి బయటికి తెచ్చాను. వచ్చీ రాగానే పొయ్యి మీద ఏదో పెట్టి టీవీ ముందు కూర్చుంది. మంటలు లేచాయి. ఆర్పడానికి పరుగెత్తిన చిన్నస్వామి మళ్లీ ఆ గోడ దగ్గరే ఇరుక్కుపోయాడు. నేను చూస్తూ ఉండిపోయాను. వంటింటి పక్కనే సమాధి రాయి లేచింది. ఈశ్వరి దాని దగ్గర కూర్చుని ఏడుస్తోంది, మధ్యమధ్యలో లేచి వెళ్లి ఆమ్లెట్ తిని వస్తోంది.

గోడ దగ్గర బిగుసుకుపోయినప్పుడే చంపేయమని నువ్వు రాశావు. నాకు చేతులు రాలేదు. దేవుడే తీసుకుపోయాడు.

ఈ పొద్దున వాకిట్లో నిలబడ్డాను. చెయ్యెత్తేవాళ్లు లేరు. అక్కడ పోయిన పలకరింపు ఇక్కడా పోయింది. ఎవరికి చెప్పుకోవాలో తెలియక నీకు రాస్తున్నాను.

షహీన్

తా.క. మునెమ్మవ్వ ఇంకా నేలలోనే ఉంది.

&nbsp;

హిందూపురం,
శుక్రవారం

అమ్మా,

మీ ఉత్తరం చదివి షాపు మూసేశాను. వెంకటేశులు నాకంటే ముందే చదివినట్టున్నాడు, బస్టాండులో కళ్లు తుడుచుకుంటూ కనిపించాడు. ఇంత ఘోరం జరిగితే, మాట వినబడని మీరు ఒక్కరే ఎలా తట్టుకుంటున్నారో తలచుకుంటేనే బాధగా ఉంది. అతని బస్సు పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా పోతుంది కదా. మగ్గాల వీధిలో చిన్నస్వామి గారి వాళ్లకు కబురూ, నా తరఫున ఒక పూలమాలా పంపాను.

దుఃఖంతో
సుధాకర్

తా.క. నేను చంపమన్నది ఆటను. పోలీసులు వస్తే ఈ ఒక్క ముక్క మరవకుండా చెప్పండి.

&nbsp;

హిందూపురం,
శనివారం

షహీనమ్మకు సుధాకర్ తల పట్టుకుని రాసేది,

వెంకటేశులు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

“బస్సు ఆపి వీధి మొదట్లోనే చెప్పినా. దెబ్బకు జనమంతా చేరిపోయిరి. ఈశ్వరక్క వాకిలూడుస్తాండాది. ‘అక్కా, చిన్నస్వామన్న పెనుకొండలో కాలిపోయినాడంట’ అంటే చీపురు ఆడే పారేసి గుండెలు బాదుకునింది. ‘ఇప్పుడే గదప్పా టీ ఇస్తి, పెనుకొండకు ఎప్పుడు పాయ’ అంటానే ఏడ్చింది. ఏడ్చుకుంటా లోపలికి పోతే, ఆయప్ప మగ్గం మీద కూసోని నేస్తాండాడు! వీధంతా ఎనకాల నిలబడి ఏడుస్తాన్నా తిరిగి చూడలే. నేను పోయి మాల మెడలో ఏసినాక తిరిగినాడు. ‘ఏమబ్బా, సన్మానమా?’ అన్న్యాడు.”

సంగతి తెలిశాక ఉగ్రుడయ్యాడట. “నన్ను సంపిందెవురో చూసొస్తా” అని రేపు పొద్దున బస్సుకు భార్యతో పెనుకొండ వస్తున్నాడు.

అమ్మా, ఒక్క మాట అడుగుతాను. ఆ చిన్నస్వామి ఆటలో బొమ్మా? మునెమ్మవ్వ కూడానా? నేను ఆ ముసలమ్మ కోసం దేవుడికి కొబ్బరికాయ మొక్కుకున్నాను.

అయోమయంలో
సుధాకర్

తా.క. మాల తీయనంటున్నాడట. సాక్ష్యం కోసం వేసుకునే వస్తాడట.

&nbsp;

పెనుకొండ,
సోమవారం

నాయనా సుధాకరా, షహీన్ సలాం చేసి, దీవించి రాసేది,

బొమ్మే. అందరూ బొమ్మలే. నేను వీధిని వదిలి వచ్చానే గానీ ఆ మనుషుల మీద ప్రాణం వదల్లేక, ఆటలో వాళ్లను చేసుకుని, మధ్యలో నాకూ ఒక ఇల్లు కట్టుకున్నాను. నీకు ముందే చెప్పాల్సింది. సిగ్గేసింది.

వాళ్లు వచ్చారు. తలుపు కొడితే నాకు తెలియదు కదా. వెంకటేశులు విజిల్ ఊది ఊది, చివరికి కిటికీలో నుంచి తన సంచి విసిరాడు. తలుపు తీస్తే ఎదురుగా చిన్నస్వామి, మెడలో మాల. నోరు ఆడుతోంది, చేతులు ఆడుతున్నాయి. తిడుతున్నాడని మాత్రం తెలుస్తోంది. “అన్నా, అది ఆట, నువ్వు నిజంగా సావలేదు” అని మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆయన కాస్త ముందుకు వంగి, చెవి వెనక చెయ్యి పెట్టి “ఆఁ?” అన్నట్టు నోరు తెరిచాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ అదే వంగడం, అదే చెయ్యి, చివర్లో అర్థమైనట్టు ఒక వెర్రి నవ్వు. ఆ నవ్వు నాకు తెలియనిదా? చెవులు పోయిన కొత్తలో నేను అందరి ముందూ నవ్వింది అదే.

ఈశ్వరి తల కొట్టుకుని, గోడ మీద క్యాలెండర్ కాగితం చించి రాసిచ్చింది. “ఈయప్పకూ వినపడదు. శానా ఏండ్లాయ. నువ్వు ఆడ ఉన్నప్పుడే మొదలు. ఎవురికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్న్యాడు. షహీను ఒక్క మాట గూడా చెప్పకుండా పాయనే అని ఈ పొద్దుకీ అంటాంటాడు.”

ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చదివానో. నేను రోజూ పిలిచాను, ఆ పిలుపు ఆయనకు చేరలేదు. నా గొంతు ఎంత పైకి వచ్చిందో నాకూ వినపడదు. నన్ను వద్దనుకున్నాడని నేను, చెప్పకుండా పోయిందని ఆయన. పన్నెండేళ్లు సుధాకరా! కిటికీ దగ్గరే ఆగిపోకుండా, ఒక్కరోజు లోపలికి పోయి భుజం తట్టి ఉంటే సరిపోయేది. ఎంత ఏడ్చానో చెప్పలేను. ఆయనా ఏడ్చాడు. ఎందుకో అర్థం కాకపోయినా వెంకటేశులు కూడా ఏడ్చాడు.

తర్వాత ఆఖరి బస్సు దాకా ముగ్గురం మాట్లాడుకున్నాం. నేను ఒకటి అడిగితే ఆయన ఇంకొకటి చెప్పాడు. నేను కుచ్చుల గురించి అడిగితే ఆయన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పాడని ఈశ్వరి రాసింది. పాపం, ఆమెకే తలనొప్పి పట్టుకుంది. నాకు మాత్రం ఇంత మాట్లాడి ఎన్నేళ్లయిందో.

వాళ్ల పక్కిల్లు ఖాళీగా ఉందట. ఈ వారంలోనే సామాన్లతో ధర్మవరం పోతున్నాను. షాపు ఎలాగూ ఖాళీయే అంటివి కదా, ఒకరోజు రా. ఈశ్వరి నిజంగా బాగా వండుతుంది.

ఇట్లు,
మగ్గాల వీధి షహీన్

తా.క. చిన్నస్వామి తన సమాధి చూస్తానని పట్టుబట్టాడు, చూపించాను. చాలాసేపు చూసి, మెడలో మాల తీసి కంప్యూటర్‌కు వేశాడు. ఆటలో పోయినవాణ్ణి తిరిగి లేపే దారి ఉందేమో నిన్ను అడగమన్నాడు. ఉన్నా రాయకు. ఒక్క చిన్నస్వామితో మాట్లాడేసరికే నా గొంతు పోయింది.