కొట్టివేతలు లేని రిజిస్టర్

జూలై 14, మంగళవారం
ల్యాబ్, రిపోర్టుల కౌంటర్ మూసేశాక

గౌరవనీయులైన అక్కకు,

మీ దగ్గర పని నేర్చుకున్న పిల్ల నమస్కరించి రాస్తున్న ఉత్తరం. మీరు, బావగారు, పాప క్షేమంగా ఉన్నారని తలుస్తాను. పాపకు ముందు పళ్లు రెండూ ఊడాయని మొన్న నర్సమ్మ చెప్పింది. ఇక్కడ నాకు ఒంట్లో బాగానే ఉంది. బుర్రే బాగాలేదు.

ఎనిమిది నెలలుగా ఒక్క ఫోనైనా చెయ్యనిది ఇప్పుడు ఉత్తరం రాసిందేమిటా అనుకుంటారు. మూడుసార్లు మీ నంబరు నొక్కాను. మీరు ఎత్తితే మొదటి మాట ఏమనాలో తెలియక పెట్టేశాను. పెద్ద డాక్టరుగారు కూడా మీకు కబురు పెట్టమన్నారు. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు జరిగింది జరిగినట్టు రాయనివ్వండి. రాస్తేనైనా నాకు అర్థమవుతుందేమో.

పోయిన గురువారం అక్రిడిటేషన్ వాళ్ల తనిఖీ జరిగింది, అదే, ల్యాబ్‌లకు నాణ్యత సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లది. నెల ముందు నుంచీ ల్యాబ్ పెళ్లివారిల్లే అయింది. గోడలకు రంగులు, సీసాలకు కొత్త లేబుళ్లు. స్టోరు బాబాయ్ తన కుర్చీకి కూడా లేబుల్ అంటించుకున్నాడు. ఎక్స్‌పైరీ తేదీ ఏదని అడిగితే, అది మీ పిన్నికే తెలుసు, ఇంటికెళ్లి అడుగు అన్నాడు.

వచ్చినాయన ఒక్కడే. సన్నగా, పెద్ద వయసు, జేబులో రెండు పెన్నులు. కొత్త మెషిన్ చూపిద్దామని అందరం దాని చుట్టూ నిలబడ్డాం. ఆయన దాని వైపు చూడనైనా లేదు. నేరుగా రక్తపరీక్ష కిట్ల ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి టెంపరేచర్ రిజిస్టర్ అడిగాడు.

నా రిజిస్టర్. మీరు వెళ్లాక ఆ పని నాకిచ్చారు. కిట్లు రెండు డిగ్రీలకూ ఎనిమిది డిగ్రీలకూ మధ్యనే ఉండాలి, లేకపోతే పరీక్ష ఫలితం మాట తప్పుతుంది అని మీరు నేర్పిన మొదటి పాఠం. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి థర్మామీటర్ చూసి రాయాలి. ఎనిమిది నెలల్లో నేను ఒక్క పూట వదల్లేదు. జ్వరం వచ్చిన రోజు కూడా వచ్చి, రాసి, వెళ్లి పడుకున్నాను. స్కేలు పెట్టి గళ్లు గీశాను. ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు. పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు. చూసి రాసిందే అక్కా, నా మీద ఒట్టు.

ఆయన చివరిదాకా పేజీలు తిప్పాడు. అమ్మా, ఈ ఫ్రిజ్ తలుపు ఎప్పుడైనా తెరుస్తారా అని అడిగాడు. రోజుకు వందసార్లు తెరుస్తాం సార్ అన్నాను. కరెంటు పోతుందా అన్నాడు. పోతుందన్నాను. మీ ఊరికి ఎండాకాలం వచ్చిందా అన్నాడు. వచ్చి వెళ్లింది సార్ అన్నాను. ఈ ఫ్రిజ్‌కి మాత్రం రాలేదు పాపం అన్నాడు. అది మెప్పో ఎగతాళో నాకు తెలియలేదు. మెప్పేమో అనుకుని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలుతున్నాయి.

తన సంచిలోంచి ఇంకో థర్మామీటర్ తీసి మా దాని పక్కన పెట్టాడు. అరగంట ఆగి తలుపు తీశాడు. ఆయనది పదకొండు చూపించింది. మాది నాలుగు. మాదాన్ని బయటికి తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు, నాలుగు. గ్లాసులో వేడినీళ్లు తెప్పించి ముంచాడు, నాలుగు.

అప్పుడు పాత రిజిస్టర్ అడిగాడు. అంటే మీది. బీరువా మీద నుంచి దించి ఇవ్వడానికి సిగ్గేసింది. అట్ట చిరిగి ఉంది. లోపల టీ మరకలు, ఆరు, మూడు, తొమ్మిది అంటూ తలో అంకె, వాటి మధ్య కొట్టివేతలు. అంచుల్లో మీ గొలుసుకట్టు రాత. తలుపు సరిగా పడలేదు, వేసి గంటాగి చూశాను, అయిదు. రెండు గంటలు కరెంటు లేదు, కిట్లు పై వార్డు ఫ్రిజ్‌కి మార్చాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని దాన్ని కథల పుస్తకంలా చదివాడు. ఒకచోట నవ్వుకున్నాడు కూడా. చివరికి, ఇది ఫ్రిజ్ పక్కన నిలబడి రాసిన పుస్తకం అన్నాడు. మరి నేనెక్కడ నిలబడి రాశాను? నేనూ అక్కడే కదా నిలబడ్డాను.

ఆఖరి పేజీలో మీ మాట ఉంది. థర్మామీటర్ నాలుగు దగ్గర ఆగిపోతోంది, నమ్మవద్దు, కొత్తది అడిగాను అని. మీరు వెళ్లడానికి రెండు రోజుల ముందు తేదీ. ఇది చదవలేదా అమ్మా అని ఆయన మెల్లగానే అడిగాడు. చదవలేదు. మొదటి రోజే మీ రిజిస్టర్‌కి దారం చుట్టి పైన పడేసి, కొత్తది మొదలుపెట్టాను.

అప్పటినుంచీ నాకు ఏదీ తేలడం లేదు. కన్ను చూసిందే చెయ్యి రాసింది, మరి అబద్ధం ఎక్కడ దూరింది? మచ్చలున్న పుస్తకం మంచిదెలా అయింది, మచ్చలేని పుస్తకం చెడ్డదెలా అయింది? మా ఇంట్లో బడికెళ్లినదాన్ని నేనొక్కదాన్నే కదా. నాన్న లారీలకు పంక్చర్లు వేస్తూ, వచ్చినవాళ్లందరికీ నా నోటుబుక్కు చూపించేవాడు. చేతి మసి అంటుతుందని మోచేత్తో పేజీ తిప్పేవాడు. చదవడం రాదు. కొట్టివేతలు లేవు, చూశారా, అదొక్కటే ఆయనకు తెలిసిన మార్కు. తప్పు పడితే ఉమ్మి తడి చేసి చెరిపి, కాగితం చిరిగినా సరే, మళ్లీ రాసేదాన్ని. మీరేమో తప్పు మీద ఒక్క గీత గియ్యి, కింద ఉన్నది కనిపించాలి, పక్కన పొట్టి సంతకం, తేదీ పెట్టు అన్నారు. వైట్‌నర్ సీసా చూస్తే మండిపడేవారు. తల ఊపాను గానీ, ఆ పద్ధతి నా చేతికి ఎక్కలేదు.

ఇది కాగితాల గొడవే అయితే ఇంత బాధ ఉండేది కాదు. శుక్రవారం గేటు దగ్గరి వాచ్‌మన్ భార్య వచ్చింది. ఏప్రిల్‌లో మనమిచ్చిన థైరాయిడ్ రిపోర్టు చూసి డాక్టరు ఆమెకు మాత్ర రెట్టింపు చేశారట. అప్పటినుంచీ గుండెదడ, చేతుల వణుకు. టీ సగం నేను తాగుతున్నాను, సగం చీర తాగుతోంది అని ఆమే నవ్వింది. కొత్త కిట్‌తో మళ్లీ చేశాం. రెట్టింపు అక్కర్లేదని తేలింది. మాత్ర తగ్గించారు. ఆమె నా బుగ్గ నిమిరి, నువ్వు చూశావు కాబట్టి తెలిసింది తల్లీ అంది. నేనేం చూశానక్కా?

ఎనిమిది నెలల జాబితా తీసి, మళ్లీ రక్తం ఇవ్వమని ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. కొందరు తిడుతున్నారు. తిట్టేవాళ్లతోనే నాకు కాస్త సులువుగా ఉంది.

ఇక అసలు పని. తనిఖీ వాళ్లు లోపం రాసిన కాగితం ఒకటి ఇచ్చి, ముప్పై రోజుల్లో జవాబు పంపమన్నారు. అందులో మూల కారణం అని ఒక గడి ఉంది. అది నన్నే నింపమన్నారు. థర్మామీటర్ చెడిపోయింది అని రాసెయ్, నిజమే కదా అంటారు పెద్ద డాక్టరుగారు. కానీ తనిఖీ ఆయన వెళ్తూ వెళ్తూ ఒక మాటన్నాడు. వస్తువు చెడడం కారణం కాదు, చెడిందని రాసిన మాట తరవాతి మనిషికి ఎందుకు చేరలేదో అది కారణం, అది లేకుండా జవాబు పంపితే సర్టిఫికెట్ రాదు అని.

ఎందుకు చేరలేదంటే, మిమ్మల్ని ఉన్నట్టుండి ఊరి చివర రక్తం తీసే సెంటర్‌కి పంపేశారు కాబట్టి. ఎందుకు పంపారంటే, పెద్ద డాక్టరుగారి బల్ల మీద మీపై ఫిర్యాదు చేస్తూ సంతకం లేని కాగితం ఒకటి పడింది కాబట్టి. ఏదో సామాను కోసం మీరు వెంటపడ్డారని కోపంతో స్టోరు బాబాయే అది రాశాడని అందరూ అంటారు.

మీరు తిరిగి రావాలని పెద్ద డాక్టరుగారి కోరిక. అడగడానికి ఆయనకు మొహం చెల్లడం లేదు. మీరిద్దరూ ఒకే డబ్బాలో అన్నం తిన్నవాళ్లు, నువ్వు రాస్తే వస్తుంది అన్నారు. అందుకే రాస్తున్నాను. రండి అక్కా. ఈ ల్యాబ్‌కి మీ రాత కావాలి.

బావగారికి నమస్కారాలు, పాపకు ముద్దులు.

ఇట్లు,
మీరు చెప్పింది విని, వినకుండా ఉండిపోయిన
మీ చెల్లెలు

తా.క.: బుధవారం పొద్దున. రాత్రి అంటించిన కవరు మళ్లీ చించాను.

ఆ కాగితం బాబాయ్ రాయలేదు. నేను రాశాను. ఫ్రిజ్ రిజిస్టర్ నిండా కొట్టివేతలే, తనిఖీలో ల్యాబ్ పరువు పోతుంది అని రాశాను. నా రాత తెలియకుండా ఎడమ చేత్తో రాశాను. ల్యాబ్‌కి మంచి చేస్తున్నాననే అనుకున్నాను. మిమ్మల్ని పంపేస్తారనుకోలేదు. రిజిస్టర్ నాకిస్తారని మాత్రం అనుకున్నాను.

మూల కారణం గడిలో ఇదే రాసి ఇప్పుడే పెద్ద డాక్టరుగారికిచ్చాను. రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. బాబాయ్‌కి కూడా చెప్పాను. ఎనిమిది నెలలు నా మీద పడ్డ చూపులన్నిటికీ ఇప్పుడు ఎవరి పేరుతో లేబుల్ అంటించమంటావే అని అడిగి, స్టోరులోకి వెళ్లి తలుపేసుకున్నాడు. మీరు వస్తారో రారో ఇక మీ ఇష్టం.

ఈ ఉత్తరం శుభ్రంగా మళ్లీ రాద్దామని కొత్త కాగితం తీసి, పక్కన పెట్టేశాను. మూడో పేజీలో బాబాయే రాశాడన్న వాక్యం మీద ఒక్క గీత గీశాను. కింద ఏముందో చదవచ్చు. పక్కన నా పొట్టి సంతకం, తేదీ ఉన్నాయి.