గేటు బయట అట్టపెట్టెలు

డిసెంబర్ 2, ఉదయం

అమ్మడు ఫోన్ చేసింది. కంపెనీలో ఫైనాన్స్ మొత్తానికీ తనే హెడ్డట! నా కూతురు! ఎనిమిదో క్లాసుతో ఆపేసినవాడి కూతురు! చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివరిదాకా వెళ్లి టైలరుకి, మందుల షాపాయనకి, ముక్కూమొహం తెలియని స్కూటరాయనకి కూడా చెప్పాను. సంతోషమే గానీ ముందు దారి తప్పుకోండి పెద్దాయనా అన్నాడు.

డిసెంబర్ 9

పేపర్లో అమ్మడి ఫోటో! కత్తిరించి అద్దానికి అంటించాను. ఈ ఏడాది అమ్మకాలు పెరగలేదట, అయినా అమ్మడి లెక్కలతో కంపెనీ చేతిలో డబ్బు రెండింతలైందట, అందుకే హెడ్డుని చేశారట. ఎలాగే అని అడిగాను. వర్కింగ్ క్యాపిటల్ నాన్నా అంది. రావలసింది త్వరగా లాగాలట, ఇవ్వవలసింది వీలైనంత సాగదియ్యాలట, ఈ మధ్యలో ఆడే డబ్బంతా మనదేనట. సగం అర్థమైంది. అర్థంకాని సగానికి ఇంకా ఎక్కువ మురిసిపోయాను.

డిసెంబర్ 20

బావమరిది వచ్చాడు. నా అట్టపెట్టెల షెడ్డు ఇప్పుడు వాడే నడుపుతున్నాడు. పెట్టెలన్నీ అమ్మడి కంపెనీకే. మన పిల్ల ఉందిగా అని ఆ ఆర్డరు ఇప్పించింది నేనే. ఫోటో చూపిస్తే నవ్వలేదు. ముప్పై రోజులకిచ్చే బిల్లు నూట ఇరవై రోజులు చేశారు బావా, మేనకోడల్ని నోరు తెరిచి అడగలేక చస్తున్నా అన్నాడు. జీతాల కోసం షెడ్డు కాగితాలు బ్యాంకులో పెట్టాడట. కాఫీ వద్దని వెళ్లిపోయాడు.

కుళ్లుబోతు.

డిసెంబర్ 30, మధ్యాహ్నం

సంగతేంటో చూద్దామని వాడితో లారీ ఎక్కాను. కంపెనీ గేటు బయట పదకొండు లారీలు. మొన్నటి నుంచి ఒక్కదాన్నీ లోపలికి వదల్లేదట. గేట్లో ముద్ర పడ్డ రోజు నుంచే బిల్లుకి రోజుల లెక్క. డిసెంబరు ఆఖరుకి తేల్చే మూణ్నెల్ల లెక్కల్లో సరుకు నిల్వ తక్కువ కనపడాలని, రెండో తారీఖు దాకా ముద్ర వెయ్యొద్దని మేడం ఆర్డరట. ఆవిడ బుర్రే బుర్రండీ అని సెక్యూరిటీ అతను తెగ మెచ్చుకున్నాడు. ఆ మేడం నాన్నని నేనే అని చెప్పడానికి నోరు రాలేదు. నెల్లాళ్లుగా వీధంతా చాటిన నోరు.

వాన పట్టుకుంది. టార్పాలిన్ చిరుగులోంచి నీళ్లు దిగి పెట్టెలు అడుగునుంచి మెత్తబడిపోయాయి. తడిసిన అట్ట కంపు. ఇవి వెనక్కి కొడతారు, ఆ నష్టమూ నా నెత్తినే అన్నాడు బావమరిది. ఈ మనిషినా కుళ్లుబోతన్నాను!

అదే రోజు, సాయంత్రం

తిన్నగా అమ్మడి ఇంటికి వెళ్లాను. కొత్త సోఫా. కూర్చోబుద్ధి కాలేదు. సొమ్మొకడిది, సోకొకడిది! మావయ్య కడుపు కొట్టి పేపర్లో పళ్లికిలిస్తావా, నీ తెలివి చూస్తే రోత పుడుతోందే అని అరిచాను.

అది అరవలేదు. ఇది కాలేజీలో నేర్పలేదు నాన్నా అంది. నాకు ఎనిమిదేళ్లప్పుడు బంకాయన డబ్బుల కోసం వస్తే, నాన్న ఇంట్లో లేరని నాతో చెప్పించేవాడివి, నువ్వు తలుపు వెనక నక్కేవాడివి, ఆయన వెళ్లగానే తెలివైన పిల్లవే అని చాక్లెట్ పెట్టేవాడివి అంది. అప్పుడు తలుపు, ఇప్పుడు గేటు, అంతేగా అంది.

బంకాయన మా షెడ్డుకి పెట్టెలంటించే బంక తెచ్చేవాడు. సైకిలుకి రెండు డబ్బాలు కట్టుకుని, చెమటలు కక్కుకుంటూ.

డిసెంబర్ 31

ఫోటో పీకేద్దామని అద్దం దగ్గరికెళ్లాను. పక్కనే నా మొహం. ఛీ.

జనవరి 2

గేటు తెరిచారు. నాలుగొందల పెట్టెలు వెనక్కొచ్చాయి. అమ్మడు ఫోన్ చేసి, మావయ్య ఒక్కడికి డబ్బు ముందే ఇప్పిస్తాలే అంది. మిగతా పది లారీల వాళ్లకో అన్నాను. పెట్టేసింది.

జనవరి 6

పాత బిల్లుల కట్ట విప్పాను. బంకాయనకి ఆఖరి మూడు బిల్లులు ఇవ్వనేలేదు. షెడ్డు చేతులు మారాక ఆయన అడగడం మానేశాడు. నేను మర్చిపోయాను.

కాదు. మర్చిపోలేదు.

పదిహేనేళ్ల వడ్డీ కలిపి బ్యాంకు నుంచి డబ్బు తెచ్చాను.

జనవరి 7, పది గంటలు

బంకాయన ఇల్లు. కిటికీ తెర కదిలింది. ఆయన కోడలు తలుపు సగమే తీసి, మా మావయ్యగారు ఇంట్లో లేరండీ, అప్పు సంగతైతే వచ్చే నెల రండి అని వేసేసింది. లోపల ముసలి దగ్గు. ఆ దగ్గు నాకు తెలుసు.

డబ్బు కవరు ఒళ్లో పెట్టుకుని వాళ్ల మెట్టు మీదే కూర్చుని రాస్తున్నాను.