కట్ట మీద అక్క తిట్లు

అక్కా, నా దగ్గు పూర్తిగా తగ్గింది, బెంగ పెట్టుకోకు.

కరువు ఏళ్ల కోసం నీళ్లు దాచే ఈ రిజర్వాయరు కట్ట ఇప్పటికి నా మెడ ఎత్తుకి లేచింది. పోయిన వారం మబ్బు పట్టేసరికి మేస్త్రీ తొందరపడి, బంకమట్టిని ఒకేసారి మోకాలెత్తు పోయించి రోలరు నడిపించాడు. పైకి రాయిలా ఉంది. నాకేమో మన వంటింట్లో నేల వేసిన రోజు నువ్వు అరిచిన అరుపే చెవుల్లో మోగింది: "ఒక్కో పొర నాలుగు వేళ్ల మందం దాటి పోశావంటే చెయ్యి విరగ్గొడతా!" ఉండబట్టలేక గునపం దించాను. జానెడు కిందే మట్టి పిండిలా రాలింది. మేస్త్రీ నా మీద అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఇంజనీరమ్మ మాత్రం వంగి ఆ పొడి చేతిలోకి తీసుకుని, "నీళ్లు ఇక్కడినుంచే దారి చేసుకునేవి. అంతా తవ్వి మళ్లీ వేయండి, జానెడు చొప్పున" అన్నారు. "నీకెవరు నేర్పారయ్యా?" అని అడిగితే, "మా అక్క తిట్లండీ" అన్నాను.

బావ మోకాలి నొప్పి ఎలా ఉంది? ఇటు వచ్చేవాళ్లుంటే నా పాత దుప్పటి పంపు. వంటింటి నేల ఎక్కడైనా పగిలితే నేనొచ్చేదాకా ముట్టుకోకు.

ఇప్పుడు ప్రతి పొరకీ మేస్త్రీయే వంగి జాన పెట్టి కొలుస్తున్నాడు. రేపు కరువులో ఈ నీళ్లు తాగేవాళ్లకి నువ్వెవరో తెలియదు. నాకు తెలుసు. బావకి నమస్కారాలు, పిల్లకి ముద్దులు, నీ కాళ్లకి దండం.

నీ తమ్ముడు