టైలుకు బొట్టు

సూర్యకళకు,

యావన్మంది బంధువులకూ తెలియజేయడమేమనగా, ధవళేశ్వరంలో మా అక్క బాత్‌రూమ్ గోడకు నాలుగు కన్నాలు పడ్డాయి, ఒక్క టైలూ పగల్లేదు. ఫోన్‌లో చెబితే మధ్యలో తిడతావని కార్డు రాస్తున్నాను.

జారిపడ్డప్పటి నుంచి అక్క తోడు లేనిదే స్నానానికి వెళ్లడం లేదు. పట్టుకోవడానికి గోడకు కడ్డీ బిగిస్తానంటే బావగారు అడ్డం నిలబడ్డారు.

"ఈ టైలు ఇప్పుడు రావట్లేదురా. బీట పడిందంటే మీ అక్కని నీతోనే పంపేస్తాను."

"షాపులో అడిగానండి, ఇంకో పెట్టె ఉందన్నాడు" అన్నాక పక్కకు జరిగారు.

నున్నటి టైలు మీద డ్రిల్లు జారుతుంది కదా, అందుకని గుర్తు పెట్టిన చోటల్లా అక్క బొట్టుబిళ్లలు అంటించాను.

"గోడకి పేరంటమేంట్రా? తాంబూలం కూడా ఇవ్వనా?" అంది.

"తడిగుడ్డ ఇవ్వు, చాలు" అన్నాను.

డ్రిల్లులో సుత్తిలా దెబ్బ కొట్టే హేమర్ మీట ఆపేసి, బిళ్ల నడిమధ్య ములికి ఆనించి నెమ్మదిగా తిప్పాను. మధ్యమధ్య ఆపి తడి అద్దాను. టైలు దాటి సిమెంటు తగిలాకే హేమర్ వేశాను. ఇవాళ అక్క కడ్డీ పట్టుకుని, ఎవరినీ పిలవకుండా స్నానం చేసి వచ్చింది.

గేదె మేత తింటోందా? ఆవకాయ జాడీకి వాసెన గుడ్డ కట్టావా? పక్కింటి పావని ఇటు వస్తే పెద్ద బొట్టుబిళ్లల అట్ట ఒకటి పంపు. మీ అమ్మగారికి నా దండం, నన్ను తిట్టకపోతే రెండు.

నీ హరిబాబు

చోటు మిగిలింది కాబట్టి నిజం రాస్తున్నాను, బావగారికి చెప్పకు. నేను ఏ షాపుకూ వెళ్లలేదు. ఆ పెట్టె నా నోట్లోంచే ఊడిపడింది.