తుపాకీకి చుట్టిన నూలు చీర

సుజాతా,

ఆ రోజు పొద్దున నువ్వు చాయ్ సగం తాగి, ఛాతీలో నొప్పి అన్నావు. ఆటోలో గోదావరి వంతెన దాటి భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్ళాను. మధ్యాహ్నానికి నువ్వు లేవు. సాయంత్రం అదే వంతెన మీదుగా నిన్ను బూర్గంపాడు తెచ్చాను. నేటికి ఏడాది.

చేలోకి పందులు వస్తే బెదిరించే మన లైసెన్సు తుపాకీ చెక్క పగిలింది. ఈసారి ఖమ్మంలో బాగుచేసే ఆయనకు పార్సిల్ పంపుదామని కొరియర్ దుకాణానికి వెళ్ళాను.

"తుపాకీ సామాను మేం తీసుకోం సార్. లైసెన్సు పట్టుకొని మీరే పోవాలె," అన్నాడు అక్కడి అతను.

ఇంటికొచ్చి, లోపల తూటా లేదని మళ్ళీ చూసుకొని, గొట్టమూ చెక్కా విడదీశాను. అవి ఒకదానికొకటి తగలకుండా పాత చీర చింపి వేరువేరుగా చుట్టేది నువ్వే. బాగుచేసే ఆయన ఆ గుడ్డలను నూనె తుడవడానికి ఉంచేసుకునేవాడు. నేను ఖమ్మం నుంచి తిరిగొస్తే గుమ్మంలోనే అడిగేదానివి.

"తుపాకీ తెచ్చినవ్ సరే, నా చీర ముక్కలేవయ్యా? ఆయన పెండ్లానికి ఇచ్చొచ్చినవా ఏంది?"

నీ చీరలన్నీ మీ చెల్లెలికి ఇచ్చాను. నీలం అంచు నూలు చీర ఒక్కటే ఉంచుకున్నాను. దాన్ని చింపబోయి ఆగిపోయాను. గొట్టాన్ని తుడిచి ప్లాస్టిక్ కవరులో పెట్టి, చీర ఒక కొసతో చుట్టాను. దాని పక్కన చెక్క పెట్టి, మిగతా చీరంతా చుట్టేశాను. కదిలించి చూస్తే చప్పుడు రాలేదు. నువ్వైతే ఇంత చీర దండగ అనేదానివి.

రేపు పొద్దున మొదటి బస్సుకు ఖమ్మం వెళ్తాను. సామాను ఆయన బల్ల మీద దించి, చీర మడతపెట్టుకొని ఇంటికి తెచ్చుకుంటాను.