దయచేసి ఓడిపో నాన్నా!

నాన్నకి నమస్కారాలు.

మేమిద్దరం కులాసా. మా మామయ్యగారి సంగతే బాగాలేదు. హెడ్మాస్టరు కుర్చీ దిగినప్పటి నుంచి కిటికీ దగ్గర కూర్చుని, దారిన పోయేవాళ్ళ నడకకి మార్కులు వేస్తున్నారట. పెద్దవయసులో చదరంగం ఆడితే మనసు కుదుటపడుతుందని డాక్టరు చెప్పాడు. నువ్వెలాగూ కుట్టుమిషను అమ్మేసి గోళ్ళు గిల్లుకుంటున్నావు. రెండు వీధుల అవతలే కదా, రోజూ వెళ్ళి ఆడు. ఆయన ఓటమి తట్టుకోలేరు కాబట్టి నువ్వే ఓడిపోవాలి.

నీ కూతురు

తా.క.: ఈ సంగతి మీ అల్లుడికి తెలియదు. తండ్రిని పిచ్చివాడంటే ఊరుకోరు.

*

అమ్మాయికి నాన్న దీవెనలు.

ఓడిపోవడం ఎంత పని అనుకున్నాను. మీ మామగారికి గెలవడం కూడా చేతకావడం లేదమ్మా! నా మంత్రిని తీసుకెళ్ళి ఆయన ఏనుగు ముందు పెట్టాను. ముట్టుకోలేదు. పైగా తన గుర్రాన్ని నా బంటుకి అప్పగించారు. "బావగారూ, గుర్రం పోతోంది" అన్నాను. "పోనివ్వండి, దానికీ విశ్రాంతి కావాలిగా" అన్నారు. పాపం, మతి పూర్తిగా గాడి తప్పింది. ఎంత కష్టపడ్డా నేనే గెలిచాను. క్షమించు.

మీ నాన్న

తా.క.: ఆయన నావంక జాలిగా చూస్తున్నారు. జబ్బు ముదిరితే అంతే కాబోలు.

*

నాన్నకి,

ఇక దాచలేక మీ అల్లుడికి చెప్పేశాను. "మతి పోయింది మీ నాన్నకే! మంత్రిని బల్లమీద పారేసుకుంటున్నాడట, మా నాన్న రాశాడు" అని ఎగిరారు. వంటింట్లో మొదలైన గొడవ వీధి వాకిలి దాకా వచ్చింది. చివరికి రాజీ కుదిరింది. మీ ఇద్దరినీ వృద్ధాశ్రమంలో చేర్పిస్తున్నాం. ఆదివారం వస్తాం, బట్టలు సర్దుకో.

నీ మేలు కోరే కూతురు

తా.క.: అక్కడ చదరంగం ఉండదు. అడిగి మరీ కనుక్కున్నాను.

*

మేలు కోరి మా ప్రాణం తీసే పిల్లలకి దీవెనలు.

నీ ఉత్తరం చూసి నిజంగా భయపడ్డాను. నా ఇల్లు వదిలి, ఎవరో గంట కొడితే లేచి తినే చోటికి పోవాలా? తిన్నగా బావగారింటికెళ్ళి, "నిజం చెప్పండి, మీకు మతి పోయిందా?" అని అడిగేశాను.

"నాకా? మిషను అమ్మేశాక మీకే పోయిందనీ, మిమ్మల్ని గెలిపించమనీ మావాడు కదా రాశాడు! మిమ్మల్ని గెలిపించేసరికి నా తాతలు దిగివచ్చారు" అన్నారు.

అప్పుడు మొదటిసారి నిజంగా ఆడాం. నన్ను చిత్తుగా ఓడించి, "దర్జీగారి తెలివి ఇంతేనన్నమాట" అన్నాడా పెద్దమనిషి! పావులన్నీ చెల్లాచెదురు చేసి వచ్చేశాను. ఒళ్ళు మండిపోతోంది, తిండి సయించడం లేదు. మిషను అమ్మేశాక ఇంత హాయిగా ఏ రోజూ లేనమ్మా! పొద్దున్నే వెళ్ళి ఆయన సంగతి తేల్చాలి. ఆదివారం మీరు రావద్దు, మాకు తీరిక లేదు.

మతి ఉన్న మీ నాన్న

తా.క.: ఇప్పుడు మా దిగులంతా మీ ఇద్దరి గురించే. ఒక చదరంగం బల్ల పంపుతున్నాను. అల్లుడి మనసు సున్నితం, ఓటమి తట్టుకోలేడు. నువ్వే ఓడిపో, అతనితో మాత్రం అనకు. తెల్లారేదాకా ఆగలేక బావగారే ఇక్కడికి వచ్చేశారు, ఆయన కూడా పక్కనే కూర్చుని వాళ్ళబ్బాయికి ఉత్తరం రాస్తున్నారు. ఏం రాస్తున్నారో నన్నడగకు.